వీధి బాగు చేసుకున్న వాళ్ళ చరిత్ర: విశాఖ కొండవాలు నుంచి మన సంత రోడ్డు దాకా



ప్రతి ఏడాది ఈ పుస్తకంలో పొదుపు ఎంత, అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని లెక్కలు ఉంటాయి. అవి ఉండాల్సిందే. ఈసారి వాటితో పాటు చరిత్ర ఒకటి రాయమని నాకు చెప్పారు. నేను చదివింది పదో తరగతి. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అనే బడిలో నేర్చుకున్నాం. నేను మాత్రం వీధి గురించి రాస్తున్నాను. దానికి కారణం ఉంది.

అరకులో చలికాలం సీజను వచ్చిందంటే రోడ్డు పక్క బాగు చేయాలి, వీధి అందంగా కనపడాలి అన్న మాట ఎక్కడో ఒకచోట వినపడుతుంది. గోడలకి బొమ్మలు, స్తంభాలకి రంగు దీపాలు, నడిచే దారికి టైల్స్. మంచిదే, మన ఊరు బాగుంటే మనకి కాదా. కాని ఆ రోడ్డు పక్కనే మనవాళ్ళు రాజ్మా, పసుపు, పిప్పళ్ళు, కొండ చీపుళ్ళు పెట్టుకుని కూర్చుంటారు. మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతారు. బాగు చేసిన తరువాత ఆ బుట్టలు ఎక్కడ ఉంటాయి? ఈ ప్రశ్న మనకంటే ముందు వేరే ఊళ్ళలో ఆడవాళ్ళకి వచ్చింది. వాళ్ళకి ఏమయిందో తెలుసుకుంటే మనకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. వీధి అన్నది పట్నం వాళ్ళు వచ్చి మనకి నేర్పింది కాదు. కోదు ఊళ్ళు చూడండి. ఇళ్ళు రెండు వరుసల్లో ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో పొడుగ్గా వీధి. ఆ వీధిలోనే ధాన్యం ఎండుతుంది, పిల్లలు ఆడతారు, పెద్దలు కూర్చుని తగువు తీరుస్తారు, పండగకి థింసా ఆడతాం. పండగ ముందు ఎర్రమట్టి తెచ్చి గోడలు అలుకుతాం. వానకి అది కరిగిపోతుంది. మళ్ళీ అలుకుతాం. కాంట్రాక్టరు లేడు, బిల్లు లేదు. ఇంక ఇటుకుల పండగ సంగతి చెప్పనక్కరలేదు. మగవాళ్ళు వేటకి వెళ్తే ఆడవాళ్ళం దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చిన బండినల్లా ఆపి డబ్బులు అడుగుతాం. ఆ రోజుల్లో దారి మనదే. మిగతా రోజుల్లో ఎవరిది అన్నదే ఇప్పుడు ప్రశ్న.

1960లలో కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలు మార్గం వేశారు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం విశాఖ రేవుకి చేర్చి అక్కడి నుంచి జపాను పంపడానికి వేసిన దారి అది. మనుషుల కోసం అనుకుని వేసింది కాదు. అయినా ఆ రైలు, ఘాట్ రోడ్డు కలిసి అరకుని పట్నానికి దగ్గర చేశాయి. 2017లో అద్దాల బోగీ కూడా వేశారు. పట్నం మన దగ్గరికి వచ్చేసింది కాబట్టి పట్నంలో వీధుల కథ మనం తెలుసుకోవడం అవసరం.

తెలుగు నేల మీద బస్తీ జనాన్ని కూర్చోబెట్టి వాళ్ళ వీధి గురించి వాళ్ళనే అడగడం పెద్ద ఎత్తున హైదరాబాదులో మొదలయింది. 1967లో అక్కడి కార్పొరేషను పట్టణ సామాజికాభివృద్ధి అని ఒక పథకం పెట్టింది. అదే కాలంలో దేశంలో చాలా ఊళ్ళలో ఇలాంటివి మొదలయ్యాయి కాని ఎక్కువ నిలవలేదు. హైదరాబాదుది నిలిచింది. మొదట పాతబస్తీలో చిన్నగా, బాలవాడీలు, కుట్టు నేర్పడం వంటి వాటితో నడిచింది. 1970ల చివరికి వచ్చేసరికి పని మారింది. గుడిసె ఉన్న చోటికి పట్టా, పట్టా చూపిస్తే బ్యాంకు అప్పు, అప్పుతో ఇంటివాళ్ళే దగ్గరుండి కట్టుకునే ఇల్లు. ఇళ్ళు వరుసకి వచ్చాక వీధి, కాలువ, దీపం.

ఈ వరుస మనం బాగా గుర్తుపెట్టుకోవాలి అనుకుంటాను. ముందు కాగితం, తరువాత ఇల్లు, ఆ తరువాత వీధి. చేతిలో కాగితం లేని మనిషి గోడకి సున్నం వేయడానికి కూడా ఆలోచిస్తాడు. రేపు ఖాళీ చేయమంటే సున్నం ఖర్చు ఎవరు ఇస్తారు? పేదవాళ్ళకి శుభ్రం తెలీదు అని కొందరు పట్నం వాళ్ళు అంటారు గాని, అది తప్పు. ఇల్లు తమదే అని నమ్మకం కుదిరిన చోట ఎవరూ చెప్పకుండానే గుమ్మం ముందు ముగ్గు పడుతుంది.

ఇప్పుడు మనకి దగ్గరి ఊరు, విశాఖ. అక్కడ 1933లో రేవు తెరిచారు. 1941లో ఓడల కర్మాగారానికి పునాది పడింది, 1957లో చమురు శుద్ధి ఫ్యాక్టరీ వచ్చింది, 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన అయింది. పని కోసం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి జనం దిగారు. చదునైన నేల రేవుకి, కంపెనీలకి, నేవీకి, డబ్బున్న వాళ్ళ ఇళ్ళకి పోయింది. కూలివాళ్ళకి మిగిలింది కొండవాలు, గెడ్డ గట్టు.

కొండవాలు మీద ఇల్లు అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కరలేదు. మన ఊళ్ళలో కొండ మీద పది ఇళ్ళు ఉంటే, అక్కడ అదే చోట ఇంటి మీద ఇల్లు వందల్లో. వాన వస్తే నడిచే దారే గెడ్డ. పైనింటి వాడుక నీరు కిందింటి గోడ కిందుగా పోతుంది. ఒక్కో వానకి కాస్త మట్టి కోసుకుపోయి, ఒకరోజు గోడ పడుతుంది. నీళ్ళ కుళాయి కొండ కింద ఉంటుంది, బిందె మీద బిందె ఆడవాళ్ళే మోసుకెళ్ళాలి. నొప్పులు వస్తున్న గర్భిణిని ఆ జారుడు దారిలో కిందకి దింపడం ఎంత కష్టమో డోలీ మోసిన మన ఊళ్ళ వాళ్ళకి తెలుసు.

1988లో బ్రిటిషు సర్కారు సాయం శాఖ, దాన్ని ఓడీఏ అనేవారు, ఇచ్చిన డబ్బుతో విశాఖ కార్పొరేషను మురికివాడల అభివృద్ధి పథకం మొదలుపెట్టింది. 1996 దాకా నడిచింది. 150కి పైగా వాడల్లో సిమెంటు దారులు, మురుగు కాలువలు, కుళాయిలు, వీధి దీపాలు, మరుగుదొడ్లు, సామాజిక భవనాలు కట్టారు. కట్టడమే కాదు, బాలవాడీలు, ఆరోగ్యం, పని నేర్పడం కూడా అందులో ఉన్నాయి. వాడకో కమిటీ పెట్టారు.

వీటన్నిటిలో నాకు ముఖ్యం అనిపించేది మెట్లు. వినడానికి చిన్న పని. కొండవాలు మీద మెట్లు కట్టి, పక్కన కాలువ తీసి, మట్టి జారే చోట రాతి గోడ కడితే ఏమవుతుంది? నీరు కాలువలో పోతుంది, మనిషి మెట్టు మీద నడుస్తాడు. ఇద్దరికీ వేరే దారి ఏర్పడింది. మట్టి కోత తగ్గుతుంది కాబట్టి గోడ నిలుస్తుంది. గోడ నిలుస్తుంది అనిపిస్తే ఇంటివాళ్ళు తాటాకు తీసి రేకు వేస్తారు, తరువాత శ్లాబు వేస్తారు. మెట్టు అంచున తులసి కుండ పెడతారు. మెట్టు మీద కూర్చుని సాయంత్రం తల దువ్వుకుంటారు. అంటే దారిగా కట్టింది అరుగు అయింది. అందం కోసం అని ఎవరూ డబ్బు ఇవ్వలేదు. అది దానంతట అది వచ్చింది.

కాని కథ అక్కడితో అయిపోలేదు. 1996లో పథకం ముగిసింది, డబ్బు ఆగింది. కాలువలో చెత్త పడితే తీసేది ఎవరు, పలక విరిగితే వేసేది ఎవరు, దీపం పోతే ఎవరికి చెప్పాలి? ఇలాంటి పథకాలు నడిచిన ఊళ్ళన్నిటిలోనూ చిక్కు వచ్చింది ఇక్కడే. కట్టేటప్పుడు పెట్టిన కమిటీలు కట్టడం అయ్యాక చాలాచోట్ల మీటింగు పెట్టడం మానేశాయి. మన సంఘాలు ఇన్నేళ్ళు ఎందుకు నిలిచాయి? నెలనెలా పొదుపు ఉంది కాబట్టి, అప్పు వసూలు ఉంది కాబట్టి, కలవక తప్పదు. మనుషులు కలవడానికి ఒక కారణం ఉండాలి. రోడ్డు కట్టడం అయిపోతే ఆ కారణం కూడా అయిపోయింది అనుకున్నారు. నిజానికి పని మొదలయ్యేదే అప్పుడు.

ఓడీఏ డబ్బుతోనే మధ్యప్రదేశ్‌లో ఇందోరు ఊళ్ళో జరిగిన పని గురించి కూడా చెప్పాలి. అక్కడి ఇంజనీరు హిమాంశు పారిఖ్ ఒక తెలివైన పని చేశాడు. వీధిని ఇళ్ళ గుమ్మాల కంటే కిందకి ఉంచి, నేల వాలు ఎటు ఉందో అటే వేయించాడు. పెద్ద వాన వస్తే వీధే కాలువ అవుతుంది, ఇంట్లోకి నీరు రాదు. ఆ పనికి 1998లో ఆగాఖాన్ పేరు మీద ఇచ్చే పెద్ద కట్టడాల బహుమతి వచ్చింది. అదే పని మీద తరువాత విమర్శ కూడా వచ్చింది. మురుగు గొట్టాలు చూసుకునే వాళ్ళు లేక చాలాచోట్ల పూడుకుపోయాయని చూసినవాళ్ళు రాశారు. బహుమతి నిజమే, పూడిక కూడా నిజమే. రెండూ ఒకే వీధికి జరగొచ్చు.

ఇంకొక ఊరు పాకిస్తాన్‌లో ఉంది. కరాచీ పక్క ఒరంగి అనే పెద్ద బస్తీ. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే పెద్దాయన అక్కడ పని మొదలుపెట్టాడు. సర్కారు మురుగు గొట్టాలు ఎప్పటికి వస్తాయో తెలీదు. ఆయన బస్తీ మొత్తాన్ని కాకుండా ఒక్కో సందుని పట్టుకున్నాడు. సందులో ఇరవై, ముప్ఫై ఇళ్ళు ఉంటాయి. ఆ ఇళ్ళవాళ్ళే ఒక పెద్దని ఎన్నుకుంటారు, డబ్బు వేసుకుంటారు, గొట్టం వేసుకుంటారు. సలహా, కొలత, పనిముట్లు సంస్థ ఇస్తుంది. డబ్బు మాత్రం ఇవ్వదు. సొంత డబ్బు కాబట్టి సిమెంటు పాలు తగ్గితే ఊరుకోరు. మన సంఘం పది పన్నెండు మందితో ఎందుకు పెట్టారో ఇది చదివాక నాకు బాగా అర్థమయింది. ఒకరి ముఖం ఒకరికి తెలిసినంత మందిలోనే లెక్క నిలుస్తుంది.

ఆ పనిని తరువాత నడిపిన పర్వీన్ రెహ్మాన్ అనే ఆర్కిటెక్టు కరాచీ చుట్టూ ఊళ్ళ భూములు ఎవరివో మ్యాపులు గీసి రాసి పెట్టింది. 2013 మార్చి 13న ఆమెని కాల్చి చంపేశారు. కాలువ తవ్వుకుంటూ వెళ్తే ఎక్కడో ఒకచోట భూమి ఎవరిది అన్న ప్రశ్న తగులుతుంది. ఆమె అక్కడ ఆగలేదు.

మన రాష్ట్రంలో పట్నాల సంగతి త్వరగా చెప్పేస్తాను. 1997 డిసెంబరులో వచ్చిన స్వర్ణ జయంతి షహరీ రోజ్‌గార్ యోజనలో వీధుల వారీగా ఆడవాళ్ళ బృందాలు పెట్టారు. 2007లో పట్టణ సంఘాల కోసం మెప్మా వచ్చింది. మనకి వెలుగు, ఐకేపీ ఎలాగో వాళ్ళకి అది అలాగ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని కొట్టినప్పుడు చెట్లు, స్తంభాలు, రేకులు అన్నీ వీధుల్లో పడ్డాయి. మన వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు పడిపోయింది కూడా ఆ గాలికే. అంత దెబ్బ తిన్న ఊరు 2016లో దేశం మొత్తం మీద శుభ్రతలో 5వ స్థానం, 2017లో 3వ స్థానం తెచ్చుకుంది. ర్యాంకు పేపర్లో వచ్చింది. తెల్లవారకముందే చీపురు పట్టుకుని వీధిలోకి దిగిన పారిశుధ్య కార్మికుల్లో మనలాంటి ఆడవాళ్ళు ఎంతమందో.

గోడ బొమ్మల గురించి నా అభిప్రాయం ఒకటి చెప్పి ముందుకి వెళ్తాను. ఇప్పుడు ఏ ఊరు చూసినా గోడల మీద థింసా ఆడే ఆడవాళ్ళ బొమ్మలు వేస్తున్నారు. చూస్తే ముచ్చటగానే ఉంటుంది. అయితే అలాంటి గోడ ఒకదాని కింద కాలువలో నల్లటి నీరు నిలిచి, దాని పక్కనే ముక్కు మూసుకుని కూరలు అమ్ముతున్న మనిషిని కూడా చూశాను. బొమ్మలో మనం ఉండి, గోడ కింద చోటులో మనం లేకపోతే ఆ అందం ఎవరికి?

మా వీధి సంగతి కూడా రాయమని మా సంఘం వాళ్ళు పట్టుబట్టారు. కొన్నేళ్ళ కిందట మా వీధికి సిమెంటు రోడ్డు వచ్చింది. సంతోషంగా కొబ్బరికాయ కొట్టాం. పాత మట్టి తవ్వకుండా దాని మీదే పోసేశారు. రోడ్డు మా గుమ్మాల కంటే ఎత్తయింది. పక్క కాలువ లేదు. మొదటి పెద్ద వానకే నీళ్ళు వంటిళ్ళలోకి వచ్చి, ఆరబెట్టి మూట కట్టిన పసుపు తడిసిపోయింది. అప్పుడు మా పెద్దత్త అన్న మాట: "అమ్మీ, నీటికి దారి మనం సూపకపోతే అది మనింట్లోకే దారి సూసుకుంటాది."

ఆ మాట మీదే సంఘం మీటింగు పెట్టాం. కాలువ ఎటు తీయాలో తెలియడానికి వాన పడుతున్నప్పుడే గొడుగులు వేసుకుని వీధంతా నడిచి, నీరు ఎటు పోతోందో చూసి సున్నంతో గుర్తులు పెట్టాం. వాన తగ్గాక ఇంటికో మనిషి చొప్పున తవ్వాం. గెడ్డ నుంచి రాళ్ళు తెచ్చి రెండు పక్కలా పేర్చాం. రావడం కుదరని ఇంటివాళ్ళు అన్నం వండి పెట్టారు. కాలువ గట్టు మీద బంతి, కనకాంబరం వేశాం. పూలు కూడా వస్తాయి, మేకలు తినకుండా కాపలా ఉండాలి అంతే. వారానికి రెండిళ్ళు చొప్పున పూడిక తీయాలి. ఎవరి వంతు ఎప్పుడో పొదుపు పుస్తకంలో వెనక పేజీలో రాస్తున్నాం. వంతు తప్పినవాళ్ళ పేరు మీటింగులో చదువుతాం. జరిమానా పెట్టలేదు. పేరు చదివితే చాలు, మరుసటి రోజు పార పట్టుకుని వస్తారు.

ఊళ్ళలో వచ్చిన సిమెంటు రోడ్లు ఎక్కువ ఉపాధి హామీ డబ్బుతో వేసినవే. ఆ చట్టంలో కూలికి 60, సామగ్రికి 40 అని వాటా పెట్టారు. ఆ 40 లోంచే సిమెంటు, కంకర. ఆ పనుల జాబితా గ్రామసభలో చదివి ఒప్పించుకోవాలి. సామాజిక తనిఖీలో అడగొచ్చు. రోడ్డు ఎంత పొడుగు అని అందరూ అడుగుతారు. గుమ్మం కంటే ఎంత కిందకి ఉంటుంది, నీరు చివరికి ఎక్కడ దిగుతుంది అని అడిగేవాళ్ళు తక్కువ. అడగాల్సింది అదే.

ఇంక సంత రోడ్డు. పట్నంలో వీధి బాగుపడితే ఒకటి జరుగుతుంది. అద్దెలు పెరుగుతాయి, స్థలం ధర పెరుగుతుంది, మెల్లగా పాతవాళ్ళు ఊరి చివరికి పోతారు. కొట్టి తరమక్కరలేదు, ధరే తరుముతుంది. మన దగ్గర దానికి అడ్డుగా ఒక గోడ ఉంది. 1970లో వచ్చిన 1/70 చట్టం. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి అమ్మడానికి వీల్లేదు. మన పక్క అనంతగిరి మండలం బొర్రా దగ్గర గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ గోడని ఇంకా గట్టి చేసింది. సర్కారు భూమి కూడా ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదంది. గోడకి కన్నాలు ఉన్నాయని మనకి తెలుసు. మనవాళ్ళ పేరు మీద కాగితం, వేరేవాళ్ళ చేతిలో లాభం. రోడ్డు ఎంత అందంగా ఉంటే ఆ కన్నాలు అంత పెద్దవి అవుతాయి. అందుకే మన పేరు వాడుకోవడానికి మనమే సంతకం పెట్టి ఇవ్వకూడదు.

బుట్టలు పెట్టుకునే చోటుకి కూడా ఒక చట్టం ఉంది. 1996లో వచ్చిన పీసా చట్టం. దానికి మన రాష్ట్రంలో నియమాలు 2011లో వచ్చాయి. ఊళ్ళో చేసే అభివృద్ధి పనుల ప్రణాళిక ముందు గ్రామసభ ఒప్పుకోవాలి అని అందులో ఉంది. సంతలని నడిపే అధికారం మన గ్రామసభకి, పంచాయతీకి ఉండాలని కూడా ఉంది. సంత అన్న మాట చట్టంలోనే ఉంది అక్కలారా, నేను మొదట నమ్మలేదు, చదివించుకుని మళ్ళీ విన్నాను. అంటే రోడ్డు పక్క ఎక్కడ టైల్స్ వేయాలి, ఎక్కడ చెట్టు నాటాలి, ఎక్కడ బుట్టల వరుస ఉంచాలి అన్నది ముందు మన దగ్గరికి రావాలి. వచ్చినప్పుడు చేతులు ఊపుకుంటూ వెళ్తే లాభం లేదు. ఒరంగిలో ఆమె గీసినట్టు మన దగ్గర కూడా కాగితం ఉండాలి.

మేము ఆ కాగితం రాయడం మొదలుపెట్టాం. సంతకి వచ్చే ప్రతి ఆడమనిషి పేరు, ఊరు, ఏం అమ్ముతుంది, ఎన్నేళ్ళ నుంచి ఆ చోట కూర్చుంటోంది, ఎన్ని అడుగుల జాగా కావాలి. నీడ ఎక్కడ కావాలి, నీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి ఎక్కడ ఉంటే నడక తగ్గుతుంది అని కూడా అడుగుతున్నాం. చాలామంది మొదట అడిగింది మరుగుదొడ్డే. దీపాల గురించి ఎవరూ అడగలేదు, చీకటి పడకముందే ఊరు చేరాలి కదా. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, దాని డ్రాయింగు పుస్తకంలో రోడ్డు గీసి బుట్టల చోట్లు చుక్కలు పెడుతోంది. సుంకరమెట్ట వైపు నుంచి వచ్చేవాళ్ళ పేర్లు ఇంకా రాయాల్సి ఉంది. ఆ వైపు సంఘాల లీడర్లు వచ్చే సంతకి కాస్త ముందుగా వస్తే పని అయిపోతుంది.